దొంగూపిరి

విడవలూరు హైస్కూలు వెనక
ఇసక పోసి చదును చేసిన కబడ్డీ కోర్టు.
సున్నానికి డబ్బుల్లేక
ముగ్గుపిండితో గీతలేసేవాడు ఖాదర్‌బాషా సారు.
సముద్రం గాలికి అవి చెదిరిపోయేవి.
వంగి మళ్ళీ వేసేవాడు.
"గీత యాడుండిందో నీకు తెలుసు, నాకు తెలుసు.
కనపళ్ళేదని ఆడబాకండ్రా."

కూత పట్టేటప్పుడు
మా వీపు మీద అరచెయ్యి ఆనించేవాడు,
గేదె చూడిదో కాదో చూసే మనిషిలా
కళ్ళు మూసుకుని.
కబడ్డీ కబడ్డీ కబడ్డీ...
పెదాలు కదులుతూనే ఉండగా
ముక్కుతో చటుక్కున గుటకెడు గాలి లోపలికి లాగితే
ఆ చెయ్యి లేచిపోయేది.
"దొంగూపిరి" అనేవాడు.
తిట్టు లేదు, దెబ్బ లేదు.
మళ్ళీ మొదట్నించి.

కోవూరులో ఫైనల్సు. ఆఖరి రైడు నాది.
ఇద్దర్ని తాకాను. మూడోవాడు చీలమండ దొరకబుచ్చుకున్నాడు.
బొక్కబోర్లా పడి పాకుతున్నాను.
లోపల ఊపిరి అడుగంటింది.
గీత జానెడు దూరం.
జానెడే.
లాగాను, చిటికెడు.
ఈలల్లో, కేకల్లో ఎవరికీ వినపడలేదు.
వేళ్ళు గీతని తాకాయి.
అంపైరు చెయ్యి మా వైపు లేచింది.

అప్పుడు సారు చెప్పులేసుకుని
నింపాదిగా బల్ల దగ్గరికి నడిచి
"మావోడి కూత తెగిందయ్యా" అన్నాడు.

తిరుగు బస్సులో నా పక్కన ఎవరూ కూర్చోలేదు,
ఆయన తప్ప.
"అంపైరుకి వినపళ్ళేదు గదా సార్?"
వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ అడిగాడు:
"నీకు వినపళ్ళా?"
సగం కాయలు నా గుప్పిట్లో పోసి
కిటికీ వైపు తిరిగి నిద్రపోయాడు.

ఇరవై ఆరేళ్ళయింది.
రొయ్యలు కొంటాను ఇప్పుడు,
అల్లూరు నించి ఇసకపల్లి దాకా.
ఐసు లారీలు రెండు, కాటాలు మూడు,
బాకీలు లెక్కపెట్టలేదు.

నిన్న రాత్రి రెండింటికి
పెంచలమ్మ లీజు చెరువు గట్టు మీద ఉన్నాను.
లారీ లైట్ల వెలుగులో
తట్టల నిండా గాజు ముక్కలెగురుతున్నట్టు రొయ్యలు.
కౌంటు తియ్యాలి.
కిలోకి ఎన్ని తూగితే అంత కౌంటు,
ఎంత తక్కువ తూగితే అంత రేటు.
మా సుబ్బరాయుడు తట్టలో చెయ్యి పెట్టాడు.
చిన్నవి ఎక్కడుంటాయో వాడి వేళ్ళకి తెలుసు,
ఆ వేళ్ళకి నేర్పింది ఈ వ్యాపారమే.
"నలభై ఆరు" అన్నాడు గట్టిగా.
నా కంటికి నలభై ఒకటి.

అయిదు కౌంట్లు. కిలోకి పాతిక రూపాయలు.
సరుకు మూడు టన్నులు.
"అందరూ ఇంతేన్నా" అన్నాడు చెవిలో.
"మనమొక్కళ్ళమే మడి కట్టుకుంటే
ఐసు ఫ్యాక్టరీవోడు ఊరుకుంటాడా?"
ఊరుకోడు.
కంపెనీ చెక్కు రెండు నెలల్నించి రాలేదు.
డ్రైవరు కూతురి పాలిటెక్నిక్ ఫీజు
నేనే కడతానని మాటిచ్చున్నా.
గీత ఎంతో దూరం లేదు.
నోరు తెరవకుండా నిలబడితే చాలు,
నాలుగు క్షణాలు.

వీపు మీంచి
ఏదో లేచిపోయినట్టయింది.
చొక్కా తడి మీద చల్లగాలి.

"మళ్ళీ తియ్యరా" అన్నాను. "మొదట్నించి.
పై నించి, నడిమి నించి, అడుగు నించి."

నలభై ఒకటి.

పెంచలమ్మ దణ్ణం పెట్టలేదు.
నా మొహంలోకి అనుమానంగా చూసి,
తట్ట తన ముందుకి లాక్కుని
ఒక్కొక్కటే తోకపట్టుకుని లెక్కేసింది.
"ముప్పై తొమ్మిది. యాడికి పోయినా ఇదే మాట."
నలభై దగ్గర తెగింది బేరం.

సుబ్బరాయుడు లారీ ఎక్కలేదు,
ఎవరి బండి మీదో పోయాడు.
రేపు వస్తాడో రాడో.
ఐసువాడి ఫోను రెండుసార్లు మోగి ఆగింది.

ఖాళీ అయిన చెరువులో
ఆపడం మర్చిపోయారు ఎవరో,
ఏరియేటరు చక్రం
చీకట్లో మడమల్లోతు నీళ్ళని కొట్టుకుంటూ
తిరుగుతూనే ఉంది,
కూత తెగకుండా.